రెండు పండ్ల సారు

మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి కోస్గికి తిరిగి వస్తున్న బస్సులో ఒక అవ్వ నాకు ఒక మాట చెప్పింది. ఆ మాటను తన కొడుక్కి నా నోటితో చెప్పమంది. బస్సు దిగగానే కొడుకు ఎదురొచ్చాడు, డాక్టర్లు ఏమన్నారని అడిగాడు కూడా. నేను అవ్వ చెప్పమన్న మాట చెప్పలేదు. దాని బదులు ఇంకో మాట చెప్పాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ తర్వాత, సామాజిక సేవలోకి కొత్తగా వచ్చే పిల్లలకు శిక్షణ ఇస్తూ, ఆ అవ్వ కథను నా విజయాల్లో ఒకటిగా చెప్పుకుంటూ వచ్చాను. ముసలివాళ్లలో మతిమరుపును తొలి దశలోనే ఎట్లా గుర్తుపట్టాలి అన్న పాఠానికి ఆమే నా ఉదాహరణ. ఆ పాఠం విన్నవాళ్లు ఇప్పుడు ఎన్నో ఊళ్లలో పనిచేస్తున్నారు. వాళ్లలో కొందరైనా ఇది చదవాలి. నేను చెప్పిన కథ తప్పు. అసలు జరిగింది ఇది.

నేను భువనగిరి వాణ్ని. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి చెప్పి విసిగి, నడివయసు దగ్గరపడుతుండగా సామాజిక సేవ కోర్సులో చేరాను. ఆలస్యంగా అబ్బిన చదువు ఆలస్యంగా వచ్చిన అమ్మవారిలాంటిది, ఒళ్లంతా పోస్తుంది. మానవ వికాస దశల గురించి మాకొక పాఠ్యపుస్తకం ఉండేది. అది చదువుతుంటే ప్రపంచాన్ని విప్పి చాప మీద పరిచినట్టుండేది నాకు. పాకే బిడ్డను చూస్తే దశ చెప్పేవాణ్ని. బస్సు కిటికీ అద్దంలో మీసాలు చూసుకునే ఇంటర్ పిల్లవాడు, రిటైరై ఒకే పేపరును మళ్లీ మళ్లీ చదివే మా నాయిన, అందరూ నా కంటికి దశలే. ఒకరోజు మా ఆవిడ కంచం ముందు పెట్టి, "నేను ఇప్పుడు ఏ దశల ఉన్ననో జెప్పు, దాన్నిబట్టి వడ్డిస్త" అన్నది. ఆ రోజు మజ్జిగ దక్కలేదు.

కోర్సు అయిపోగానే కోస్గిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ల బాగోగులు చూడటం పని. తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది, గొల్ల కురుమలకు సర్కారు గొర్రెలు పంచుతున్న రోజులు. నేను ఆఫీసు గోడకు ఒక పటం తగిలించాను. మెట్లు మెట్లుగా గీసిన పటం. ఎడమ పక్క కింది మెట్టు మీద పాకే బిడ్డ. పైకి పోనుపోను బడిపిల్ల, పెళ్లికొడుకు, అందరికన్నా పైన నడివయసు మనిషి. అక్కణ్నుంచి మెట్లు కిందికి దిగుతాయి. చివరి మెట్టు మీద కర్ర పట్టుకుని వంగిపోయిన ముసలమ్మ. ఎక్కే మెట్ల కింద వికాసం అని, దిగే మెట్ల కింద క్షీణత అని రాసి ఉండేది. ఆ పటం ముందు నిలబడితే నాకు పొద్దు తెలిసేది కాదు.

ఆ పటం కిందకే వచ్చి కూర్చున్నాడు అవ్వ కొడుకు. గొర్లకాపరి, నా ఈడువాడే. కొత్తగా వచ్చిన సర్కారు గొర్రెలు ఊరి నీళ్లు పడక దగ్గుతున్నాయి, వాటి వెంట తిరగలేక సతమతమవుతున్నాడు. దానికి తోడు తల్లి. ఆమెకు ఏదో అయిందన్నాడు. పొయ్యి మీద అన్నం మాడి వాసన వస్తున్నా తెలియదట. తనలో తను నవ్వుకుంటుందట. రాత్రి నిద్ర లేదు. భర్త పోయినప్పుడు తీసి పెట్టెలో పడేసిన వెండి కడియాలను చింతపండు పెట్టి తోమి మళ్లీ వేసుకుంది. అమ్మేది లేకున్నా కొనేది లేకున్నా ప్రతి వారం కోస్గి అంగడికి పోతుంది. ఎందుకే అంటే తిక్క జవాబులు. ముసలితనం రెండో పసితనం అంటారు కదా, అదే మొదలైనట్టుందని వాపోయాడు.

అతను చెబుతున్నకొద్దీ నాలో ఒక వెలుగు. మరుపు, నిద్రలేమి, కారణం లేని నవ్వు, ఊరికే తిరగటం. పుస్తకంలోని పేజీ లేచి మనిషై నడిచొచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ కొడుకు దిగులు మొహం ఎదురుగా పెట్టుకుని నేను సంతోషపడ్డాను.

మర్నాడే వాళ్ల ఊరికి పోయాను. అవ్వ దొడ్లో ఒక పడుచు పొట్టేలును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బొటనవేలితో దాని పై పెదవి ఎత్తి చూస్తోంది. ఈ సారు నిన్ను చూడవచ్చాడని కొడుకు చెప్పాడు. ఆమె పొట్టేలును వదిలి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"గీ సారుకు ఎన్ని పండ్లొచ్చినయో చూసినవా కొడుకా? రెండే ఉన్నట్టున్నయి."

కొడుకు నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత వివరించాడు. గొర్రె వయసును పండ్లతో చెబుతారు. పాలపండ్లు ఊడి ముందర రెండు పెద్ద పండ్లు వస్తే అది రెండు పండ్లది, తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. రెండు పండ్ల పొట్టేలంటే ఒళ్లు పెరిగిందే గానీ నిదానం రానిది, కనపడ్డ ప్రతిదాన్నీ తలతో పొడిచి చూస్తుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు రెండు పండ్ల సారు. నీ వయసెంత అవ్వా అని అడిగితే, ఎనిమిది పండ్లూ వచ్చి ఊడటం కూడా మొదలైంది, లెక్క నువ్వే కట్టుకో అన్నది. నేను గంభీరంగా రాసుకున్నాను, వయసు చెప్పలేకపోతోంది అని.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ ఓపికగా ప్రశ్నలడిగింది. ఈ రోజు ఏ వారం అంటే అవ్వ, రేపు కోస్గి అంగడి అన్నది. నేను డాక్టరమ్మ వైపు సాభిప్రాయంగా చూశాను. ఆమె నా చూపును పట్టించుకోలేదు. జ్ఞాపకానికేం ఢోకా లేదు, కావాలంటే కొన్నాళ్లాగి మళ్లీ తీసుకురండి అని పంపేసింది. బయటికి వస్తుంటే నాకు నిరాశ. అవ్వకు మాత్రం హుషారు. దవాఖాన ముందు మిర్చీలు కొనిపించుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక నా మోచేయి పొడిచింది.

"సారూ, నేను మారుమనువు చేసుకుంట."

మారుమనువంటే మగడు పోయిన ఆడది మరొకరి ఇంటికి పోవటం. వాళ్ల కులంలో పాతకాలం నుంచీ ఉన్న ఆచారమే. కులపెద్దల ముందు ఒక కొత్త చీర పెడితే అయిపోయినట్టే. మా రైతు కుటుంబాల్లో ఆ మాట ఎవరూ పైకి అనరు. నాకు తట్టింది ఒక్కటే. ఈమెకు కాలాలు కలగలిసిపోయాయి, ఎప్పటి సంగతో ఇప్పటిదనుకుంటోంది. పసిపిల్లతో మాట్లాడినట్టు గొంతు తగ్గించి, అది నీ చిన్నప్పటి ముచ్చటనా అవ్వా అని అడిగాను.

ఆమె నా చేతి మీద ఒక్కటి వేసింది. "చిన్నప్పటిది గాదు, పోయిన అంగడిది."

తర్వాత ఆగకుండా చెప్పింది. ఒక తాత ఉన్నాడు, పొరుగూరి గొర్లకాపరి, భార్య పోయింది. పడుచువాళ్లుగా ఉన్నప్పుడు వరికోతలయ్యాక రెండు కుటుంబాలూ మందలు తోలుకుని హాలియా దిక్కు కాలువ పొలాలకు పోయేవి. పక్కపక్క మడుల్లోనే మందలు ఆపేవారు. అప్పుడు వీళ్లిద్దరి మధ్యా ఏమీ లేదు, మాటా పలుకూ తప్ప. ఇన్నేళ్లకు కోస్గి అంగడిలో మళ్లీ కలిశారు.

"నన్ను నవ్విస్తడు సారూ. గంతే. ఇంక జెప్పనీకి ఏం లేదు," అన్నది. అంటూనే నవ్వింది, ఎవరూ ఏమీ అనకుండానే. కొడుకు చెప్పిన కారణం లేని నవ్వు అదే.

అప్పుడే గొంతు మారింది. "గాయనకు కండ్లు మసకైతున్నయి. ఎదురుంగ ఉన్నది కానొస్తదట, పక్కపొంటి పోయే గొర్రె కానొస్తలేదట. దవాఖానకు పో అంటే పోడు. ఒక్కడే ఉంటడు, అడిగేటోళ్లు లేరు. నేను పోతే చెవు వట్టి గుంజుకపోత. నా కొడుక్కు జెప్పనీకి నాకు నోరొస్తలేదు. ఇంతమందికి ఇన్ని మాటలు జెప్తవు గద, గీ ఒక్క మాట జెప్పు."

సరే అన్నాను. మాటిచ్చాను.

అయినా లోపల అనుమానం తీరలేదు. కోస్గి బస్టాండులో దిగాక అదీ తీరిపోయింది. పండ్ల బండి పక్కన ఆ తాత నిలబడి ఉన్నాడు. తువ్వాలలో సీతాఫలాలు. మా బస్సు ఆయన పక్క నుంచే వచ్చినా చూడలేదు, అవ్వ ఎదురుగా పోయి నిలబడ్డాక చూశాడు. చూడగానే ఆ మొహం ఎంతగా వెలిగిందంటే, నేనే కళ్లు తిప్పుకున్నాను. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వారు. ఆమె ఒక సీతాఫలం తీసుకుంది. ఏ కాలంలో ఉన్నదో ఆమెకు తెలుసు. నాకూ తెలిసిపోయింది.

అప్పుడే కొడుకు బండి మీద వచ్చాడు. తాత జనంలో కలిసిపోయాడు. "ఏమన్నరు సార్ డాక్టర్లు?"

అతని మొహం చూశాను. నా అంత వయసున్న మనిషితో, మీ అమ్మ మనువాడుతుందట అని ఎట్లా అనడం? సిగ్గు నా మెడ పట్టుకుంది. "వయసు మీద పడ్డది గద అన్నా, గట్లనే ఉంటది," అన్నాను. "ఒంటరిగ బయటికి పంపకుండ్రి."

అవ్వ అప్పటికే బండి వెనక ఎక్కి కూర్చుంది. అంతా విన్నది. తిట్టలేదు, నన్నే చూస్తూ ఉండిపోయింది, చేతిలో సీతాఫలంతో. బండి కదిలింది.

అవ్వకు అంగడికి పోవడం బందయింది. కోడలు కనిపెట్టుకుని ఉండేది. నేను మళ్లీ పోయినప్పుడు కడియాలు కాళ్లకు లేవు. రెండు పండ్ల సారు అని పిలవలేదు, కూసో సారూ అన్నది. ఇంకేం మాట్లాడలేదు. నేను ఆ మౌనాన్ని కూడా దశగానే రాసుకున్నాను. కోతలయ్యాక తాత మందతో హాలియా దిక్కు పోయాడని ఎవరో అంటే విన్నాను. విననట్టు ఊరుకున్నాను. కొంతకాలానికి భువనగిరిలో శిక్షకుడి ఉద్యోగం వచ్చింది. పటం చుట్టుకుని వచ్చేశాను.

ఇక మొన్నటి సంగతి. కొత్త బ్యాచ్, ఎక్కువగా ఆడపిల్లలు, నల్లగొండ నుంచి కొందరు, పాలమూరు నుంచి కొందరు. గట్టి గొంతుల పిల్లలు. నేను ఎప్పటిలాగే అవ్వ లక్షణాలు ఒక్కొక్కటే చెబుతున్నాను. అన్నం మాడినా తెలియదు, తనలో తను నవ్వుకుంటుంది, నిద్ర లేదు, నగలు తీసి తోముకుంటుంది. మూడో వరుసలో ఒక నల్లగొండ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఏమిటని అడిగాను.

"సార్, గివన్నీ మా చెల్లెకు ఉన్నయి. దానికి పద్దెనిమిదేండ్లు."

క్లాసు గొల్లుమంది. పెళ్లయిన ఒకామె, నాకు కూడా ఉండె సార్, లగ్గానికి ముందు అన్నది. ఇంకొకతె గోడ మీది పటం చూపించి, ఈ మెట్లు గీసినాయన ఎన్నేండ్లోడై ఉంటడు సార్ అని అడిగింది. పక్కపిల్లే జవాబు చెప్పింది, నడివయసోడే, తనను తను పై మెట్టు మీద పెట్టుకున్నడు అని. నేను కూడా నవ్వాను. చాలా ఏళ్లకు క్లాసులో కడుపారా నవ్వాను. నవ్వుతూ పటం వైపు చూస్తే, పై మెట్టు మీద ఉన్నది నేనే.

నవ్వులు తగ్గాక ఆ నల్లగొండ పిల్ల మామూలుగా అడిగింది. "అవ్వను అడిగిండ్రా సార్, అంగడికి ఎందుకు పోతున్నవని?"

"అడగలేదు," అన్నాను. "తనే చెప్పింది."

ఆ మాట అనేశాక మిగిలింది ఆగలేదు. బస్సు, మారుమనువు, తాత కళ్లు, బస్టాండులో నా జవాబు, అన్నీ బయటికొచ్చాయి. బరువు దించుకునేవాడి ఆత్రంతో చెప్పాను. పిల్లలు తిడతారనుకున్నాను. వాళ్లకు తిట్టే తీరిక లేదు. అవ్వ ఇప్పుడెక్కడుంది, తాత కళ్లు ఏమయ్యాయి, వాళ్లు కలిశారా, ఒకరి మీద ఒకరు పడి అడుగుతున్నారు. కోస్గి వదిలాక ఒక్కసారి కూడా పోలేదని చెప్పాను. మీరు పోయి రాండ్రి సార్, మేం చదువుకుంటుంటం అని నన్ను దాదాపు వెళ్లగొట్టారు. ఆ పిల్లల వేడి నాకూ అంటుకుంది. మర్నాడే కోస్గి బస్సెక్కాను.

కొడుకు జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, నవ్వాడు. వాళ్లమ్మ లేదు, హాలియాలో ఉంది. రెండు వానాకాలాలు నోరు మూసుకుని కూర్చుని, ఒకరోజు తనే కులపెద్దలను పిలిపించిందట. పదిమందిలో లేచి నిలబడి, నేను మారుమనువు పోత, అడ్డం పడేటోళ్లుంటే ఇప్పుడే జెప్పుండ్రి అన్నదట. ముందు అందరూ నవ్వారు. తర్వాత వాళ్లలో అందరికన్నా పెద్దాయన, ఆచారం ఉన్నది, ఇంత వయసు దాటితే పోవద్దని ఎవరు చెప్పిండ్రు అన్నాడట. చీర కోడలే కొన్నది.

నేను అసలు విషయం చెప్పాను. ఆ రోజు బస్సులోనే ఆమె నాకు చెప్పిందని, నీకు చెప్పమన్నదని. మీకు తలవంపని భయపడ్డానని. కొడుకు చేతిలోని కర్రతో నేల గీకాడు.

"తలవంపులేంది సార్. మా నాయినమ్మ గూడ మారుమనువు వచ్చినామెనే. నువ్వు గప్పుడే జెప్తే, ఒకపూట నవ్వి ఊకుందును. ఆయన కండ్లన్న దక్కుతుండె."

అప్పుడు అర్థమైంది. ఆ రోజు నన్ను పట్టుకున్న సిగ్గు అతనిది కాదు. మా ఇంటి సిగ్గును తీసుకుపోయి వాళ్ల ఇంటి వాకిలికి కట్టి వచ్చాను. అవ్వ ఆ ఇంటికి పోయేసరికే తాతకు చూపు పోయిందట. ఆమె చెవి పట్టుకునే దవాఖానకు తీసుకుపోయింది. కంటి నరం ఎండిపోయింది, ముందే వచ్చి ఉంటే మందులతో ఆపేవాళ్లం అన్నారట డాక్టర్లు.

హాలియా దాటి కాలువ గట్టు మీద నడిచాను. కోతలైన మడుల్లో వరికొయ్యలు, వాటి మధ్య వల కట్టి ఆపిన మంద. దూరం నుంచే అవ్వ గొంతు వినబడింది. తాతను తిడుతోంది. ఆయన తిరిగి ఏదో అన్నాడు, తిట్టు మధ్యలోనే ఆమె నవ్వేసింది. ఎండలో కడియాలు మెరిశాయి.

ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. అవ్వ ఒక్కో గొర్రెనూ పట్టుకొచ్చి ముందు నిలబెడుతోంది. ఆయన బొటనవేలు దాని నోట్లో పెట్టి పండ్లు తడిమి వయసు చెబుతున్నాడు. చూపున్నన్నాళ్లు కంటితో చేసిన పనినే ఇప్పుడు వేలితో కొత్తగా నేర్చుకున్నాడు. ఒకటి తప్పు చెబితే ఆమె ఎగతాళి చేసింది. ఆయన మళ్లీ తడిమాడు, ఈసారి సరిగ్గా చెప్పాడు, బడిపిల్లాడిలా గర్వంగా తలెత్తాడు. నేను కట్ట మీద నిలబడిపోయాను. నా పటంలో ఈ మెట్టు ఎక్కడా లేదు.

అవ్వ నన్ను చూసింది. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. "రెండు పండ్ల సారు గాదూ?" అన్నది. ఆయన వైపు తిరిగి, దవాఖాన సారు, చెప్పిన గద అన్నది. ఆ గొంతులో కోపం కోసం వెతికాను. ఉన్నది. నాకోసం దాచి ఉంచినంత ఉన్నది.

"నీకు తెల్వాలె సారూ. ఆ బస్టాండుల చూసిందే ఆఖరు, గాయన నన్ను చూసుడు. నేను వచ్చేటాళ్లకు నా మొగం కానరాలే. ఇప్పుడు ఇంటడు, చూడడు." కాసేపాగి, "కొత్తచీర ఏ రంగుదో నేనే జెప్పిన," అన్నది.

చెప్పాలని బస్సులో తయారుచేసుకున్న వాక్యాలన్నీ ఆ మడిలోనే ఎక్కడో పడిపోయాయి. తాత నా వైపు మొహం తిప్పాడు, కొంచెం పక్కకు, నేను లేని చోటికి. ఆ మొహం మీద నవ్వుంది.

"ఏందే, మాట్లాడడేంది? గప్పుడు నోరు దెరవలేదంటివి. ఇప్పుడన్న తెరువుమను, ఎన్ని పండ్లొచ్చినయో చూద్దాం."

వల దాటి పోయి ఆయన ముందు మట్టిలో కూర్చున్నాను. అవ్వను కూడా కూర్చోమన్నాను.

"తాతా, అవ్వ నీ దగ్గరికి వస్తనన్నది, నీ కండ్ల సంగతి గూడ జెప్పింది. అన్నీ నాకు జెప్పింది. మీ ఇద్దర్ని బస్టాండుల నా కండ్లతోని చూసి గూడ, కొడుకు ముంగట నోరు మూసుకున్న. నీ కండ్లు పోవుట్ల నా తప్పు ఉన్నది. అవ్వా, నీకు మతి లేదని ఇన్నేండ్లు పిల్లలకు పాఠం జెప్పిన. గది అబద్ధం. నీ మతి మంచిగుండె, నాదే గుడ్డిదైంది. నన్ను మన్నించుండ్రి."